ప్యాకేజీలో లేని భుజం
ఇందూరు ముచ్చట – మంజీరి

మూఢమున్నన్ని రోజులు ఫొటోగ్రాఫర్ భుజానికి పని ఉండదు. మూఢం పోయిన మర్నాటి నుంచి దాన్ని దించే వీలుండదు. ఈ వృత్తిలో నొప్పులకు కెమెరా బరువు కంటే ముందు పంచాంగాన్నే తప్పు పట్టాలంటాను. ఆషాఢమంతా ఖాళీ, శ్రావణంలో ఊపిరాడదు. పుష్యంలో దుకాణంలో ఈగలు తోలుకోవాలి, మాఘ ఫాల్గుణాల్లో ఒకే రోజు రెండు లగ్గాలు. నెల రోజులు ఊరికే ఉన్న కండరం మీద ఒక్కసారిగా పద్దెనిమిది గంటల పని పడితే ఏమవుతుందో, నాట్లు మొదలైన వారానికి నాటేవాళ్ల నడుములను అడిగితే చెబుతాయి.

మన నిజామాబాద్ జిల్లాలో దీనికి ఇంకో మెలిక ఉంది. పెండ్లికొడుకో, పెండ్లికూతురి అన్నో, బావో గల్ఫ్‌లో ఉంటాడు. అతనికి సెలవు దొరికిన నెలలోనే ముహూర్తం కూడా దొరకాలి. అందుకే ఆర్మూర్, బాల్కొండ, భీమ్‌గల్ వైపు పెండ్లిళ్లు ఎప్పుడూ కొన్ని తేదీల మీదనే వచ్చి పడతాయి. బోధన్ వైపు చెరకు డబ్బు చేతికొచ్చే వేళను చూసుకుని లగ్గాలు పెట్టుకున్న కాలం ఒకటుండేది. 2015 డిసెంబర్‌లో షక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డాక ఆ లెక్క చాలామందికి వరి మీదికి మారింది. యాసంగి కోతలయ్యి వడ్ల పైసలు వచ్చేసరికి ఎండాకాలం నడినెత్తికి వస్తుంది. 44, 45 డిగ్రీల ఎండలో, రేకుల కింద వేసిన పందిట్లో, పన్నెండు గంటల ముహూర్తం. పంతులుకు ఒక ఫ్యాను పెడతారు, పెండ్లి పీటల దగ్గర కూలర్ పెడతారు. ఫొటోగ్రాఫర్ నిలబడే చోటికి గాలి రాదు, ఎందుకంటే అతను ఒక చోట నిలబడడు.

లగ్గం రోజు లెక్క చూడండి. తెల్లవారక ముందే మంగళస్నానాలకు ఇంటి ముందు ఉండాలి. తర్వాత ఎదుర్కోళ్లు, లగ్గం, తలంబ్రాలు, ఆపైన స్టేజీ మీద వరుస ఫొటోలు. వచ్చిన ప్రతి కుటుంబమూ ఎక్కుతుంది. ఎక్కాక ఒక చిన్నమ్మ కనిపించదు. ఆమెను వెతికి తెచ్చేదాకా కెమెరా కంటి దగ్గరే ఉండాలి. "తమ్మీ, ఇంకొక్కటి" అంటారు. "సరే కాకా" అంటాడు. రాత్రి అప్పగింతలు, బరాత్. బరాత్ ఇల్లు చేరేసరికి తారీకు మారిపోతుంది. మర్నాడు రిసెప్షన్. భోజనం ఎప్పుడయ్యా అంటే అందరూ తిన్నాక. విస్తరి ముందు కూర్చున్న నిమిషంలోనే ఎవరో ముఖ్యమైన చుట్టం స్టేజీ ఎక్కుతాడు, పిలుపు వస్తుంది. ఈ పిలుపు రాని పెండ్లిని నేనింతవరకు చూడలేదు.

ఇక చేతిలో ఉన్నది. ఫుల్‌ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్ బాడీ ఒకటి సుమారు 900 గ్రాములు. దానికి 70-200 లెన్స్ తగిలిస్తే ఇంకో కిలోన్నర. ఫ్లాష్, అందులో సెల్స్ కలిపి అరకిలో. అన్నీ కలిపితే దాదాపు 3 కిలోలు. బస్తాలు మోసే హమాలీకి ఇది నవ్వులాటగా ఉంటుంది. కానీ బస్తా వీపు మీద కుదురుకుంటుంది, కెమెరా గాలిలో నిలవాలి. 70 కిలోల మనిషికి ఒక్కో చెయ్యే మూడున్నర కిలోల దాకా తూగుతుంది. చెయ్యి చాచినప్పుడు ఆ చేతి బరువు, దాని కొసన ఉన్న కెమెరా బరువు కలిసి భుజం కీలు మీద పడతాయి. వస్తువు కీలుకు రెండడుగుల దూరంలో ఉంటుంది, దాన్ని ఆపే కండరానికి దొరికే పట్టు కీలు పక్కన అంగుళమో రెండంగుళాలో. అందుకే ఆ కండరం అసలు బరువుకు పది రెట్లకు పైగా గుంజి పట్టాల్సి వస్తుంది. పైగా కదలకూడదు, కదిలితే ఫొటో పోతుంది. బిగబట్టిన కండరంలోకి రక్తం సరిగా పారదు. బరువెత్తి దించేవాడికి దించినప్పుడైనా విశ్రాంతి ఉంది, ఎత్తి పట్టుకుని నిలబడ్డవాడికి అది కూడా లేదు.

జింబల్ వచ్చాక వీడియో తీసేవాళ్ల పని ఇంకా కష్టమైంది. కెమెరాతో కలిపి అదీ మూడు కిలోలే. అయితే నడకలోని ఊపు చిత్రంలో పడకుండా మోకాళ్లు సగం వంచి, మోచేతులు ఒంటికి ఆనకుండా, పిల్లిలా అడుగులు వేయాలి. అలా గంటల తరబడి నడిచి చూస్తే తెలుస్తుంది.

దీనివల్ల వచ్చే జబ్బులకు పెద్ద పెద్ద పేర్లున్నాయి. భుజం కీలును పట్టి ఉంచే నాలుగు కండరాల కొసలు కొద్దికొద్దిగా అరుగుతాయి, చిరుగుతాయి. డాక్టర్లు రొటేటర్ కఫ్ అనేది వీటినే. బొటనవేలి మొదట్లో వాపు వచ్చి చాయ్ గ్లాసు ఎత్తితే ప్రాణం పోయినట్టు ఉంటుంది. మణికట్టులో నరం నలిగి రాత్రిపూట వేళ్లు తిమ్మిరెక్కుతాయి. మెడ, నడుము, మడమ సంగతి చెప్పనక్కర్లేదు. షుగర్ ఉన్నవాళ్లలో భుజం బిగుసుకుపోయే జబ్బు మామూలు వాళ్లకంటే ఎక్కువగా వస్తుంది. చక్కెరకు పేరుపడ్డ ప్రాంతంలో, నలభై దాటిన ఫొటోగ్రాఫర్లలో ఎంతమందికి ఈ రెండూ కలిసి ఉన్నాయో ఎవరైనా చూస్తే బాగుండు.

ఇవి మెల్లగా వచ్చేవి. ఒక్క క్షణంలో వచ్చేవీ ఉన్నాయి. బరాత్‌లో ఫొటోగ్రాఫర్ ఎప్పుడూ వెనక్కి నడుస్తాడు. ముందు పెండ్లికొడుకు, వెనక జనరేటర్ వైర్లు, మోరీ, స్పీడ్ బ్రేకర్. వెనక్కి నడవడమే పనిగా ఉన్న ఉద్యోగం ఇంకోటి నాకు తట్టడం లేదు. తలంబ్రాలప్పుడు చుట్టాలంతా అడ్డం నిలబడితే ప్లాస్టిక్ కుర్చీ ఎక్కుతాడు. ఆ కుర్చీ కాళ్లు ఎప్పుడు విచ్చుకుంటాయో దాన్ని పంపిన టెంట్ హౌస్ వాళ్లకూ తెలియదు. పడ్డప్పుడు అతను చెయ్యి అడ్డం పెట్టడు, కెమెరాను గుండెకు హత్తుకుంటాడు. కెమెరా మీద ఈఎంఐ ఉంది, మోచేతి మీద లేదు మరి. ఇక డీజే. 100 డెసిబెల్స్ మోతను చెవి పదిహేను నిమిషాలకు మించి భరించకూడదని లెక్క. ఫొటోగ్రాఫర్ ఆ పెట్టెల ముందే మూడు గంటలు ఉంటాడు.

వెనకటి కాలంలో బరువులు ఇంకా ఎక్కువ కదా అని అడగొచ్చు. నిజమే. ఆరో నిజాం దర్బారు ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ వాడిన చెక్క కెమెరాలు, గాజు పలకల ముందు మన సామాను ఆటబొమ్మ. కానీ ఆ కెమెరా ముక్కాలి మీద కూర్చునేది, పలకల పెట్టెలను మోయడానికి మనుషులుండేవారు. తర్వాత స్టూడియోల కాలం. పెద్ద కెమెరా చక్రాల స్టాండు మీద ఉండేది. అప్పటి బాధ చీకటి గదిది. డెవలపర్‌లో కలిసే మెటాల్ పడక వేళ్ల మధ్య చర్మం పగిలి దురద పెట్టేది, హైపో వాసన, ఎసిటిక్ యాసిడ్ ఘాటు ముక్కుకు పట్టుకునేవి. ఆ పాత స్టూడియోల వాళ్ల గోళ్లు చూసి వృత్తి చెప్పొచ్చు. వీహెచ్ఎస్ కాలంలో కెమెరా భుజం మీదికి ఎక్కింది. దుబాయ్‌లో ఉన్నవాళ్లకు పంపే పెండ్లి క్యాసెట్ల కోసం, పక్కన వీడియో లైటు పట్టుకునే పిల్లవాడు మొహం వాడిపోయేలా నిలబడేవాడు. అతని చేతుల సంగతి అప్పుడెవరూ అడగలేదు.

నాకు తోచింది ఒకటి చెబుతాను. ఆ కాలపు ఫొటోగ్రాఫర్‌ను కాపాడింది రీలు. 36 ఫొటోలు కాగానే ఆగాలి, కెమెరా దించాలి, మూత తీసి రీలు మార్చాలి. ఆ కాసేపే భుజానికి విడుపు. రీలు ఖరీదు కాబట్టి ఊరికే నొక్కేవాడు కాదు, చూసి నొక్కేవాడు. మెమరీ కార్డు ఆ విడుపును తీసేసింది. ఒక్క పెండ్లికి వేలల్లో ఫొటోలు తీయాలి, తీసినవన్నీ ఇవ్వాలి. కెమెరా తేలికైన కొద్దీ పని బరువెక్కింది. మళ్లీ ఇంటికెళ్లాక ఆ వేల ఫొటోల్లోంచి ఏరాలి, రంగులు సరిచేయాలి, కరిజ్మా ఆల్బమ్ డిజైన్ చేయాలి. పగలు కెమెరా కోసం వంగిన మెడ రాత్రి మానిటర్ కోసం వంగుతుంది.

నొప్పి వచ్చినవాడు ఏం చేస్తాడు? స్ప్రే కొట్టుకుంటాడు. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకుని సాయంత్రం రిసెప్షన్‌కు వెళ్తాడు. నొప్పి తగ్గించే మందులు రోజుల తరబడి అలా వాడితే కడుపులో పుండ్లు, కిడ్నీల మీద భారం. నిజామాబాద్ ఖలీల్‌వాడిలో ఎముకల డాక్టర్ దగ్గరికి పోయేది సీజన్ అయ్యాకే. అప్పటికి మాన్పదగ్గది కాస్తా ముదిరి ఉంటుంది. అన్నిటికంటే బాధ కలిగించేది, ఈ నొప్పిని దాచడం. "చెయ్యి పట్టేసిందని తెలిస్తే ఇంకెవరినో పెట్టుకుంటరన్నా" అనే మాట ఈ వృత్తిలో నలుగురితో కూర్చుంటే తప్పకుండా వినబడుతుంది. తోటి ఫొటోగ్రాఫర్ల దగ్గర కూడా దాస్తారు, ఎందుకంటే పెద్ద స్టూడియోలు రోజు లెక్కన పిలిచేది వాళ్లనే.

షక్కర్‌నగర్ ఫ్యాక్టరీని ఇక్కడ గుర్తు చేయడానికి కారణం ఉంది. అక్కడ క్రషింగ్‌లో ఒక కార్మికుడి చెయ్యి నలిగి 48 గంటలు పనికి రాలేకపోతే, 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఆ ప్రమాదాన్ని అధికారులకు తెలపాల్సి ఉండేది. అది కాగితం మీదికి ఎక్కేది. అదే బోధన్‌లో కుర్చీ మీంచి పడి చెయ్యి విరిగిన ఫొటోగ్రాఫర్ ఏ రిజిస్టర్‌లోనూ ఉండడు. మామూలుగా పదిమంది పనిచేసే చోటయితేనే ఈఎస్ఐ తప్పనిసరి. మన స్టూడియోల్లో పనిచేసేది ఇద్దరు ముగ్గురు, మిగతావాళ్లు ఆ పూటకు పిలిపించినవాళ్లు. వాళ్లు ఎవరి ఉద్యోగులంటే ఎవరూ చెప్పలేరు.

ఇదే నిజామాబాద్‌లో బీడీలు చుట్టే అక్కచెల్లెళ్ల మెడ, నడుము నొప్పుల గురించి మాట్లాడాం. వాళ్లకు 1976 నుంచి కేంద్ర సంక్షేమ నిధి చట్టం ఉంది, దవాఖానలు వచ్చాయి, రాష్ట్రం వచ్చాక జీవనభృతి కూడా వచ్చింది. చాలినంత వచ్చిందని అనను, లెక్కలోకైతే వచ్చారు. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు పడిపోకుండా 2024లో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కిట్లు ఇచ్చింది. ఈ రెండింటి వెనకా ఉన్నది దెబ్బలను లెక్కపెట్టడమే. ఎన్నేళ్లకు చేతులు పడిపోతున్నాయి, ఎంతమంది చెట్టు మీంచి పడ్డారు అని ఎవరో ఒకరు రాసి పెట్టుకున్నారు, అడిగారు. ఫొటోగ్రాఫర్ల విషయంలో ఆ మొదటి కాగితమే లేదు. జపాన్‌లో మినమాత పాదరసం బాధితుల ఫొటోలు తీస్తున్న ఫొటోగ్రాఫర్ యూజీన్ స్మిత్‌ను 1972లో ఆ పాదరసం వదిలిన కంపెనీ మనుషులు చావబాదితే ప్రపంచానికి తెలిసింది. బోనస్ ఫొటోలు అడిగే చుట్టాల మధ్య ఇరవై ఏళ్లలో అరిగిపోయిన భుజం వార్త కాదు.

"ఊరికే చేస్తున్నారా, లక్షలు తీసుకుంటలేరా" అని ఒక పెద్దమనిషి నాతో వాదించాడు. ప్యాకేజీ రాసిన కాగితం తెచ్చి చూడమన్నాను. ట్రెడిషనల్ ఫొటో, ట్రెడిషనల్ వీడియో, క్యాండిడ్, సినిమాటిక్, డ్రోన్, ఎల్ఈడీ స్క్రీన్లు, ఆల్బమ్ షీట్లు ఎన్ని, పెన్‌డ్రైవ్ ఎన్ని జీబీ, అన్నీ ఉన్నాయి. ఎన్ని గంటలు అని లేదు. ఎంతమంది మనుషులు అని స్పష్టంగా లేదు. ఆ లక్షలో కెమెరా వాయిదా, ల్యాబ్ బిల్లు, డ్రోన్ అద్దె పోగా మిగిలేది చూస్తే, నిజంగా అమ్ముడుపోతున్నది గంటలు. వాటికే ధర లేదు. తప్పంతా పెండ్లివాళ్లదే అని కూడా అనలేను. పక్క స్టూడియో కంటే ఐదువేలు తగ్గించడానికి ముగ్గురు చేయాల్సిన పనిని ఇద్దరితో చేయించేది మనవాళ్లే. క్యాండిడ్ తీసే పిల్లవాడే మధ్యలో డ్రోన్ ఎగరేస్తాడు, అతనే లైవ్ కనెక్షన్ చూస్తాడు.

కాబట్టి ప్యాకేజీ కాగితంలో ఒక్క వరుస పెంచండి: ఇన్ని గంటలు, దాటితే ఇంత. గంట దాటితే డబ్బులని తెలిస్తే చిన్నమ్మ త్వరగానే దొరుకుతుంది. లగ్గం జరిగే రెండు గంటలు వీడియో కెమెరా ట్రైపాడ్ మీద ఉంటే ఏ పెండ్లీ పాడుకాదు. రెండు భుజాల మీద బరువు పంచే బెల్టులు కొనడం లెన్స్ కొనడం కంటే చాలా చవక, అయినా మనవాళ్లు లెన్సే కొంటారు. పెండ్లివాళ్లు ఒక స్టూలు, ఒక ఫ్యాను, పంక్తిలో ఒక విస్తరి ఇవ్వగలరు. స్టేజీ పక్కన ఎక్కడానికి గట్టి చెక్క పెట్టె ఒకటి పెట్టమని ఫంక్షన్ హాలు వాళ్లను అడగొచ్చు.

ఏటా ఆగస్టు 19న ఫొటోగ్రఫీ దినోత్సవం నాడు ఫొటోగ్రాఫర్ల సంఘాలు లూయీ దగ్గేర్ పటానికి దండ వేసి, సీనియర్లకు శాలువాలు కప్పుతాయి. ఈసారి ఆ శాలువా కప్పేముందు ఆ సీనియర్‌ను చెయ్యి తలపైకి ఎత్తమని అడగండి. ఖలీల్‌వాడి నుంచి ఒక ఫిజియోథెరపిస్టును పిలిచి, వచ్చిన ప్రతి ఒక్కరి భుజం, మెడ, మణికట్టు చూపించి, ఎవరికి ఏముందో పేరు లేకుండా ఒక నోటుబుక్కులో రాయించండి. వయసు, ఈ పనిలో ఎన్నేళ్లు, ఎక్కడ నొప్పి, ఎప్పుడైనా పడ్డారా. ఆ నోటుబుక్కు పట్టుకుని కార్మిక శాఖ దగ్గరికి పోతే మాట్లాడడానికి ఏదో ఒకటి ఉంటుంది. శ్రావణం సీజన్ మధ్యలో తీరిక లేదంటారు. నిజమే, అలాంటప్పుడు పుష్యంలో పెట్టుకోండి.