డీజిల్ ఇంజను ఊపిరి చూడటం మనమూ నేర్చుకోవాలి

పులికాట్ సరస్సులో మన రాష్ట్రం వైపు తీరం 2022లో తిరుపతి జిల్లాలో కలిసింది. తడ దగ్గర ఇరకం దీవికి చుట్టూ నీళ్లే. మన యానాది ఇళ్లవాళ్లు ఎందరో ఆ నీళ్లను నమ్ముకున్నోళ్లే. నడి నీళ్లల్లో ఇంజను ఆగితే దిగి తోసేదానికి అది రోడ్డు కాదు గదా!

ఇంజను స్టార్టు కాకపోతే డీజిల్ బాగలేదంటారు, పంపు విప్పుతారు, అప్పు చేసి సామాన్లు మారుస్తారు. ముందు కంప్రెషన్ చూడాలని నా అభిప్రాయం. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు ఉండదు. పిస్టన్ గాలిని సుమారు 16 నుంచి 20 వంతుల్లో ఒక వంతుకు నొక్కితే, ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. సైకిల్ పంపు కొడితే అడుగున కాలేది అందుకే.

డీజిల్ ఆపి, హ్యాండిల్ మెల్లగా తిప్పాలి. గట్టిగా ఎదురు నెట్టితే మంచిదే. సులువుగా తిరిగితే గాలి యాడనో పోతోందని అర్థం. సైలెన్సర్లో బుస్సుమంటే ఎగ్జాస్టు వాల్వు, గాలి ఫిల్టర్లో అయితే ఇన్‌లెట్ వాల్వు, ఆయిల్ పోసే మూత దగ్గరైతే రింగులు, చల్లబరిచే నీళ్లల్లో బుడగలొస్తే హెడ్ గాస్కెట్టు. సరైన అంకె కావాలంటే ఇంజెక్టరు విప్పి ఆ రంధ్రంలో గేజి బిగించాలి. పెద్దోళ్లు లేకుండా మాత్రం ఎవరూ ముట్టవద్దు. హ్యాండిల్ వెనక్కి తన్నితే చెయ్యి విరుగుతుంది.

"అది మెకానిక్ పని, చదువుకునేవాళ్లకెందుకు?" అంటారు కొందరు. మరి సైన్సులో పీడనం పాఠం చదివేది దేనికి?

వార్డెన్ సార్లకు మనవి: ఒక ఆదివారం పాత ఇంజను ఒకటి తెప్పించి, మెకానిక్ చేత మాకు చూపించండి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు నాయనకు ఒక పనికొచ్చే మాట చెప్పగలుగుతాం.

– తొమ్మిదో తరగతి విద్యార్థి