ప్రశ్నల కట్ట చదివితే పిక్క వాపు తెలుస్తుందా?

రియాద్ బత్హాలో ఒక బ్యాచిలర్ గది. శుక్రవారం రాత్రి ఇషా నమాజు అయిపోయే వేళకు మేము ఆరుగురం అక్కడ చేరతాం. అందరం ఫిజియోథెరపిస్టులమే. ఒకరిది విజయవాడ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పట్టా, ఇద్దరిది వరంగల్ కాళోజీ విశ్వవిద్యాలయం, మిగతా ముగ్గురం బెంగళూరు వెళ్లి చదువుకున్నవాళ్లం. దమ్మాం నుంచి ఒక అక్క, జిద్దా నుంచి ఇంకో అక్క ఫోన్‌లో కలుస్తారు. ఊళ్లో ఉండి పరీక్షకు తయారవుతున్న తమ్ముళ్లు కూడా నలుగురైదుగురు ఉంటారు. మాలో కొందరం లైసెన్సు తెచ్చుకుని పనిచేస్తున్నాం, కొందరు ఇంకా రాయాలి. 2013 దాకా ఇక్కడ వారాంతం గురువారం, శుక్రవారం ఉండేది, తర్వాత శుక్ర, శని చేశారు. మాకు మాత్రం కలిసొచ్చేది ఈ ఒక్క పూటే.

సౌదీలో ఫిజియోథెరపిస్టుగా పనిచేయాలంటే సౌదీ కమిషన్ ఫర్ హెల్త్ స్పెషాలిటీస్ గుర్తింపు ఉండాలి. 1992లో ఏర్పడిన సంస్థ అది. మన పట్టా, అనుభవం నిజమో కాదో డేటాఫ్లో వాళ్లు కాలేజీకీ ఆసుపత్రికీ రాసి తేల్చుకుంటారు. ఆ తర్వాత ప్రోమెట్రిక్ కేంద్రంలో కంప్యూటర్ ముందు కూర్చుని పరీక్ష రాయాలి. ఈ సంగతులు ఏ ఏజెంటును అడిగినా చెబుతాడు. మేము చెప్పదలచుకున్నది ఆ తర్వాతి మాట.

ఏజెంటు చివర్లో ఒక మాట అంటాడు. 'బుక్కులేం వద్దు బ్రదర్, పాత ప్రశ్నల పీడీఎఫ్ ఇస్తా, బట్టీ పట్టు చాలు' అని. ఆ కట్ట మా చేతికీ వచ్చింది. ఎవరు రాశారో తెలియదు, జవాబులు ఎవరు గుర్తుపెట్టారో అసలే తెలియదు. పరీక్ష రాసి వచ్చినవాడు గుర్తున్నంత వరకు చెబితే ఇంకొకడు రాసుకున్నది. సగం ప్రశ్న ఉంటుంది, సగం ఉండదు.

అందులో ఒక ప్రశ్న చూడండి. వెన్నుపాము పైభాగంలో, అంటే టీ6 లేదా అంతకు పైన, దెబ్బతిన్న మనిషి. వ్యాయామం చేయిస్తుండగా ఒక్కసారిగా తలపోటు, ముఖం ఎర్రబడటం, చెమటలు, బీపీ పైకి. థెరపిస్టు ముందుగా ఏం చేయాలి? మా కట్టలో 'పడుకోబెట్టి కాళ్లు ఎత్తాలి' అని టిక్కు పెట్టి ఉంది. సరిగ్గా తలకిందులు! బీపీ పడిపోయి కళ్లు తిరిగినవాణ్ని పడుకోబెడతాం. వీడికి బీపీ పెరుగుతోంది. లేపి కూర్చోబెట్టాలి, బిగుతుగా ఉన్నవి వదులు చేయాలి, మూత్రం గొట్టం ఎక్కడైనా మెలిపడిందేమో చూడాలి, వెంటనే డాక్టరును పిలవాలి. ఆలస్యమైతే మెదడులో రక్తస్రావం దాకా పోవచ్చు. ఈ దేశంలో కారు ప్రమాదాల్లో వెన్నుపాము దెబ్బతిన్న యువకులు పునరావాస విభాగాల్లో తరచుగా కనబడతారు. ఆ టిక్కును నమ్మినవాడు పరీక్షలో ఒక మార్కు పోగొట్టుకుంటాడు, అంతే. వార్డులో ఆ పని చేస్తే పోయేది మార్కు కాదు.

రెండో సంగతి మాలోనే ఒకరికి జరిగింది. ఓ మధ్యతరహా క్లినిక్‌లో పని. మోకాలి కీలు మార్పిడి చేయించుకున్న పెద్దాయన మూడో వారం వచ్చాడు. 'అలమ్, అలమ్' అంటూ పిక్క చూపించాడు. మావాడు బట్టీ పట్టిందేమిటంటే, పాదం పైకి వంచితే పిక్క నొప్పి పుడితే రక్తం గడ్డ ఉన్నట్టు, పుట్టకపోతే లేనట్టు. హోమన్స్ పరీక్ష అంటారు దాన్ని. వంచాడు, నొప్పి లేదన్నాడు పెద్దాయన. ఇంక పిక్కకు మసాజ్ మొదలుపెట్టబోతుంటే, పక్క గదిలోంచి వచ్చిన సీనియర్ ఆపి టేపు తెమ్మన్నారు. మోకాలి చిప్ప కింద ఉండే ఎముక బొడిపె నుంచి పది సెంటీమీటర్ల దిగువన రెండు పిక్కలూ కొలిచారు. తేడా మూడు సెంటీమీటర్లు దాటింది. ఈమధ్యే పెద్ద ఆపరేషన్, ఒక పక్కనే వాపు. అన్నీ కలిపి లెక్కేసే పద్ధతి ఉంది, వెల్స్ స్కోరు అంటారు. వెంటనే స్కానుకు పంపారు, గడ్డ ఉంది. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తికి పోతే ఏమయ్యేదో మీకు వేరే చెప్పక్కర్లేదు.

హోమన్స్ పరీక్షను నమ్మొద్దని చాలాకాలంగా చెబుతూనే ఉన్నారు. ఉన్నదాన్ని లేదంటుంది, లేనిదాన్ని ఉందంటుంది. కానీ కట్టల్లో అది ఇంకా బతికే ఉంది. మావాడు పాసైన మాట నిజం, మంచి మార్కులే. ఆ రోజు నుంచి శుక్రవారాలకు అందరికంటే ముందు వచ్చేది అతనే.

ఈ కట్టల వ్యవహారం మన పరువు కూడా తీసింది, అది చాలామందికి తెలియదు. అమెరికాలో ఫిజికల్ థెరపీ లైసెన్సు పరీక్ష పెట్టే ఫెడరేషన్ 2010 జులైలో ఈజిప్టు, భారత్, పాకిస్తాన్, ఫిలిప్పీన్స్ దేశాల్లో చదివినవాళ్లకు మామూలు పరీక్ష నిలిపేసింది. ప్రశ్నలు గుర్తుపెట్టుకొచ్చి పంచుకుంటున్నారన్నది కారణం. తర్వాత ఈ నాలుగు దేశాల వాళ్లకోసం విడిగా ఒక పరీక్ష పెట్టారు. ఎవరో చేసినదానికి, రాత్రింబవళ్లు కూర్చుని చదివినవాళ్లు కూడా ఆగిపోవాల్సి వచ్చింది. అమెరికా వాడు చేసింది న్యాయమని మేము అనం, దేశం పేరు చూసి అందరినీ ఒకే గాటన కట్టడం ఏం న్యాయం? కానీ ఆ అవకాశం ఇచ్చింది మనమే కదా. సౌదీలోనూ పరీక్షలో చూసినవి బయటపెట్టకూడదన్నదే నియమం.

కొందరు మిత్రులు మామీద కోప్పడతారు. 'మీకేం అన్నా, లైసెన్సు చేతిలో ఉంది, నీతులు చెబుతారు. ఇంటి మీద అప్పు ఉంది, ఆఫర్ లెటర్ గడువు అయిపోతోంది, మొత్తం సిలబస్ ఎప్పుడు చదవాలి?' అని. కోపంలో అర్థముంది. ఎనిమిదేళ్లు ఎముకల వార్డులోనే పనిచేసినవాడికి పసిపిల్లల ఎదుగుదల మెట్లు ఎందుకు గుర్తుంటాయి? గుండె ఆపరేషన్ అయినవాణ్ని ఎప్పుడు నడిపించాలో చూసి ఎన్నేళ్లయింది? కాలేజీల తప్పు కూడా లేకపోలేదు. మాలో ఒకరు చదివిన చోట ఇంటర్న్‌షిప్ ఆరు నెలలూ వేడి ప్యాకులు పెట్టడం, కరెంటు మిషను స్విచ్చి వేయడం, ఇంతే. రోగిని ముట్టుకుని పరీక్ష చేయించినవాళ్లు లేరు. అలాంటివాడికి కట్ట తప్ప దిక్కేముంటుంది?

అయితే మేము చూసినంతలో సిలబస్ అంతా కొత్తగా చదవక్కర్లేదు. మీ దగ్గరికి వచ్చిన రోగినే పట్టుకోండి. ఇప్పుడు మా గదిలో పద్ధతి ఇదే. ఒక్కొక్కరు ఆ వారం చూసిన ఒక రోగిని పేరు లేకుండా చెప్పాలి, మిగతావాళ్లం ప్రశ్నలు వేస్తాం. నడుము నొప్పి అని వస్తే, మూత్రం ఎలా వస్తోంది, రెండు తొడల మధ్య తిమ్మిరి ఉందా అని అడిగావా? ఉందంటే వ్యాయామం కాదు, అప్పటికప్పుడు ఆసుపత్రికి పంపాలి. భుజం పట్టేసిందంటే చెయ్యి ముందుగా ఏ వైపు తిరగడం ఆగింది? సుగరు ఉందా? రంజాన్‌లో ఉపవాసం ఉన్న సుగరు రోగికి సాయంత్రం నాలుగింటికి బరువైన వ్యాయామం పెట్టావెందుకు? ఇలా ఒక్క మనిషి చుట్టూ తిరిగితే నాలుగు పాఠాలు తిరగేసినట్టే. మర్చిపోరు కూడా.

పుస్తకంలో లేనివీ తెలుస్తాయి. ఇక్కడ మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న 'రుక్బా ఎప్పటికి వంగుతుంది' అని కాదు, సజ్దా ఎప్పుడు చేయగలనని. ఉమ్రాకు వెళ్లొచ్చా అంటారు. సఫా, మర్వాల మధ్య ఏడుసార్లు నడవాలంటే మూడు కిలోమీటర్ల పైమాటే. రోగి లక్ష్యం ఏమిటో కనుక్కుని చికిత్స వేయాలని కాలేజీలో రాసుకున్న మాట ఇదేనని మాకు ఇక్కడికొచ్చాకే అర్థమైంది.

రియాద్‌లో, జిద్దాలో, దమ్మాంలో మన తెలుగు సంఘాలు ఉగాదికి, సంక్రాంతికి, ఇఫ్తార్‌కు బాగానే హాళ్లు మాట్లాడతాయి. నెలకు ఒక పూట అందులో ఒక గది ఇస్తే చాలు. నర్సులు, ల్యాబ్ వాళ్లు కూడా ఇలాగే కూర్చోవచ్చు. బత్హా గదిలోకి రాలేక దమ్మాం అక్క ఫోన్‌లోనే చదువుకోవాల్సి వస్తోంది. ఆమె పరీక్ష వచ్చే నెలలో ఉంది.

వచ్చే శుక్రవారం ఊపిరితిత్తులు. జిద్దా అక్క వంతు. స్టెతస్కోపు ఉన్నవాళ్లు తెచ్చుకోండి, మా గదిలో ఒక్కటే ఉంది.