నిజామాబాద్ నుంచి జాగ్రెబ్‌కి.. గుగులోత్ సౌమ్య వెళ్లిన దారి అంత ఇరుకుగా ఎందుకుంది?

కోకాపేటలో రాత్రి పది దాటాక ఏ టర్ఫ్ దగ్గరికి వెళ్లినా ఒకటే సీన్. ఆఫీస్ బ్యాగులు ఓ మూలన పడేసి, ఐదుగురు ఐదుగురుగా విడిపోయి ఐటీ కుర్రాళ్లు ఫుట్‌బాల్ ఆడుతుంటారు. ఒకరి వీపు మీద మెస్సీ పేరు, ఇంకొకరి మీద రొనాల్డో. టాటెన్‌హామ్ ఫ్యాన్ ఉంటే సన్ హ్యూంగ్-మిన్ నంబర్ 7 కూడా కనిపిస్తుంది. సన్ పదహారేళ్లకే జర్మనీ వెళ్లాడని, 2022లో ప్రీమియర్ లీగ్ గోల్డెన్ బూట్ పంచుకున్నాడని టకటకా చెప్పేస్తారు. అదే టర్ఫ్‌లో ఇంకో ప్రశ్న వేసి చూడండి. యూరప్ క్లబ్‌తో ప్రొఫెషనల్ కాంట్రాక్ట్ చేసుకున్న తెలంగాణ ప్లేయర్ ఎవరు?

చాలామంది మొహాలు చూసుకుంటారు. జవాబు గుగులోత్ సౌమ్య. ఊరు నిజామాబాద్ జిల్లా. క్లబ్ క్రొయేషియాలోని డినామో జాగ్రెబ్. సంవత్సరం 2022.

డినామో అంటే చిన్నాచితకా పేరు కాదు. లూకా మోడ్రిచ్ పెద్ద స్టార్ కాకముందు ఆడిన క్లబ్ అది. క్రొయేషియా మొత్తం జనాభా 40 లక్షల లోపే, మన హైదరాబాద్ సిటీ కంటే తక్కువ. ఆ దేశం 2018 ప్రపంచకప్‌లో ఫైనల్ ఆడింది, 2022లో మూడో స్థానం తెచ్చుకుంది. అలాంటి చోట మహిళల జట్టులో ఆడేందుకు మధ్యప్రదేశ్‌కు చెందిన జ్యోతి చౌహాన్, మన సౌమ్య ఇద్దరూ ట్రయల్స్ ఇచ్చి కాంట్రాక్ట్ సాధించారు. అప్పటికి సౌమ్య గోకులం కేరళ తరఫున ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచిన జట్టు సభ్యురాలు.

ఆ 2022 నిజామాబాద్‌కి మామూలు సంవత్సరం కాదు. మే నెలలో అదే జిల్లా అమ్మాయి నిఖత్ జరీన్ ఇస్తాంబుల్‌లో బాక్సింగ్ ప్రపంచ ఛాంపియన్ అయ్యింది. నిఖత్‌కి స్వాగతాలు, సన్మానాలు, గంటల కొద్దీ లైవ్‌లు నడిచాయి, ఆమె దానికి పూర్తిగా అర్హురాలు. కానీ కొన్ని నెలల తేడాతో జాగ్రెబ్ ఫ్లైట్ ఎక్కిన సౌమ్య వార్త మాత్రం చాలా చోట్ల స్పోర్ట్స్ పేజీ కింద చిన్న బాక్స్‌లోనే మిగిలిపోయింది. హాకీలో ఇండియాకి ఆడిన యెండల సౌందర్య కూడా నిజామాబాదే. ఒక్క జిల్లా నుంచి ముగ్గురు అమ్మాయిలు, మూడు వేర్వేరు ఆటలు!

యూరప్‌లో ఆమె ప్రయాణం ఎక్కువ కాలం సాగలేదు. తిరిగి ఇండియా లీగ్‌కే వచ్చేసింది. ఇక్కడే చాలామంది తొందరపడి ఓ మాట అనేస్తారు.. "వెళ్లింది, నిలబడలేకపోయింది" అని. తర్వాత జరిగింది చూస్తే ఆ మాట నిలబడదు.

ఈస్ట్ బెంగాల్ జెర్సీ వేసుకున్నాక 2024-25 సీజన్‌లో సౌమ్య లీగ్‌లో 9 గోల్స్ కొట్టింది. టైటిల్ ఖాయం కావాల్సిన మ్యాచ్ 2025 ఏప్రిల్‌లో కల్యాణిలో ఒడిశా ఎఫ్‌సీతో. స్కోరు 1-0. ఆ ఒక్క గోల్ సౌమ్యదే! పురుషుల జట్టు 2004లో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ గెలిచాక ఈస్ట్ బెంగాల్‌కి మళ్లీ జాతీయ లీగ్ టైటిల్ దక్కడానికి 21 ఏళ్లు పట్టింది. కోల్‌కతాలో ఈస్ట్ బెంగాల్ అభిమానులంటే ఎలా ఉంటారో తెలిసినవాళ్లకి, ఆ గోల్ విలువ వేరే చెప్పక్కర్లేదు. ఆ మే నెలలోనే భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెకు ఏడాది ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు ఇచ్చింది.

తర్వాత థాయ్‌లాండ్‌లో ఆసియా కప్ క్వాలిఫయర్స్. జూన్ 23న మంగోలియాపై ఇండియా 13-0తో గెలిచింది, స్కోర్ షీట్‌లో సౌమ్య పేరు ఉంది. జులై 5న చియాంగ్ మాయ్‌లో ఆతిథ్య థాయ్‌లాండ్‌ని 2-1తో ఓడించి ఇండియా ఆసియా కప్‌కి అర్హత సాధించింది. ఆ రెండు గోల్స్ సంగీత బాస్ఫోర్‌వి. అర్హత పోటీలు ఆడి గెలిచి మహిళల జట్టు ఆసియా కప్‌కి వెళ్లడం అదే మొదటిసారి. 2022లో మనమే ఆతిథ్యం ఇచ్చినా, జట్టులో కొవిడ్ కేసులు రావడంతో మధ్యలోనే తప్పుకోవాల్సి వచ్చింది.

కాబట్టి తేడా ప్లేయర్‌లో లేదు. మరి ఎక్కడుంది?

కొరియా లెక్క వేరు

సన్ హ్యూంగ్-మిన్ కథనే తీసుకోండి. 2008లో కొరియా ఫుట్‌బాల్ సంఘం కుర్రాళ్లను విదేశాలకు పంపే కార్యక్రమం కింద అతన్ని హాంబర్గ్ పంపింది. అప్పటికి వయసు 16. లీ కాంగ్-ఇన్ ఇంకా ముందే, 2011లో పదేళ్ల వయసులో స్పెయిన్‌లోని వాలెన్సియా అకాడమీలో చేరాడు. 2019 అండర్-20 ప్రపంచకప్‌లో బెస్ట్ ప్లేయర్‌గా గోల్డెన్ బాల్ తీసుకున్నాడు, 2023లో పారిస్ సెయింట్ జెర్మైన్‌కి వెళ్లాడు. ఈ తరం కుర్రాడు యాంగ్ మిన్-హ్యోక్ రూటు మరొకటి. 2024లో గాంగ్వాన్ తరఫున సొంత కె-లీగ్‌లో 12 గోల్స్ కొట్టాడు. టాటెన్‌హామ్ తీసుకుంది. వెళ్లగానే అక్కడ స్టార్ అయిపోలేదు, క్వీన్స్ పార్క్ రేంజర్స్‌కి, పోర్ట్స్‌మత్‌కి లోన్ మీద పంపారు. కింది డివిజన్‌లో ఆడి రాటుదేలి రమ్మని.

అమ్మాయిల్లో జి సో-యున్ ఉంది. ముందు పక్కనే ఉన్న జపాన్ వెళ్లి కోబెలో ఆడింది. అక్కడ నిలదొక్కుకున్నాక 2014లో చెల్సీ. ఎనిమిదేళ్లు అక్కడే ఉంది.

ఈ నలుగురి దారులు ఒకేలా లేవు. కానీ ఒకటి మాత్రం అందరికీ ఉంది. మెట్టు మెట్టుకీ కింద ఏదో ఒక ఆసరా. సంఘం, అకాడమీ, లోన్ క్లబ్, పక్క దేశం లీగ్. జారితే పట్టుకునే చెయ్యి ఉంది. సౌమ్య ఇరవై ఏళ్లు దాటాక, ఓ ట్రయల్ క్యాంప్ దొరికితే నేరుగా యూరప్‌లో దిగింది. ఆ వయసుకి కొరియా కుర్రాళ్లు ఒకటో రెండో క్లబ్బులు మారి ఉంటారు.

ఇక్కడ ఇంకో చిక్కుంది. ఫిఫా రూల్ ప్రకారం 18 ఏళ్ల లోపు పిల్లల్ని విదేశీ క్లబ్బులకి మార్చుకోవడం మామూలుగా కుదరదు. తల్లిదండ్రులు ఆటతో సంబంధం లేని కారణంతో ఆ దేశానికి మారడం లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. అంటే కోకాపేటలో ఇల్లు అద్దెకిచ్చి లండనో మ్యూనిచ్చో ఆన్‌సైట్ వెళ్లే ఐటీ కుటుంబంలోని పిల్లకి ఆ తలుపు తెరుచుకోవచ్చు. నిజామాబాద్ పిల్లకి తెరుచుకోదు. ఆమెకి 18 వచ్చేదాకా ఉన్నది ఇక్కడి గ్రౌండ్, ఇక్కడి కోచ్, ఇక్కడి మ్యాచులు.. అంతే.

ఆ "ఇక్కడ" ఎలా ఉంది?

ముందు మ్యాచుల లెక్క. 2024-25లో ఇండియన్ విమెన్స్ లీగ్‌లో ఉన్నవి 8 జట్లు. ఒక్కో జట్టు ఆడేది 14 మ్యాచులు. ఏడాదికి 14! దేశంలోనే టాప్ లీగ్ ఇది. 14 మ్యాచుల సీజన్‌కి అలవాటైన శరీరం, వారం వారం ఆడే యూరప్ సీజన్‌లోకి వెళ్లి వెంటనే కుదురుకోవాలంటే ఎంత కష్టమో టర్ఫ్‌లో గంట ఆడి రెండు రోజులు నడుం పట్టుకునేవాళ్లకి బాగానే అర్థమవుతుంది.

జీతం లెక్క ఇంకా తేలిక. 2023లో ఫుట్‌బాల్ సమాఖ్య ఒక నిర్ణయం తీసుకుంది. టాప్ లీగ్‌లో ప్రతి క్లబ్ కనీసం పదిమంది భారత అమ్మాయిలకి ఏడాదికి 3.2 లక్షలకి తగ్గకుండా ఇవ్వాలని. ముందు అదీ లేదు కాబట్టి మంచి అడుగే. నెలకి చూస్తే 27 వేల లోపు. ఐటీ కారిడార్‌లో ఫ్రెషర్ ప్యాకేజీ పెరగట్లేదని కుర్రాళ్లు మొత్తుకునే అంకె కూడా దాదాపు ఇదే. కాకపోతే ఆ ఫ్రెషర్ ఉద్యోగం 35 ఏళ్లకి అయిపోదు.

ఇక నేల. 2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ కోకాపేట నియోపోలిస్‌లో వేలం వేస్తే ఎకరం 100.75 కోట్లు పలికి దేశమంతా నోరెళ్లబెట్టింది. 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉండే ఫుట్‌బాల్ గ్రౌండ్‌కి కావాల్సింది ఎకరం ముప్పావు. ఆ రేటుకి లెక్కేస్తే ఒక్క గ్రౌండ్ దాదాపు 178 కోట్లు. ఆ నేల మీద ఫుల్ సైజ్ గ్రౌండ్ పెట్టేవాడెవడూ ఉండడు, అందుకే నెట్ కట్టిన చిన్న చిన్న టర్ఫ్‌లు. ఐదుగురి ఆటకి, వీకెండ్ సరదాకి అవి చాలు. పదకొండు మంది ఆట, వింగ్ మీద యాభై మీటర్లు పరిగెత్తి క్రాస్ వేయడం.. అవి అందులో నేర్చుకోలేరు. సౌమ్య ఆడేది సరిగ్గా అలాంటి ఆటే.

గచ్చిబౌలి స్టేడియం ఉందిగా అంటారు. ఉంది. కోకాపేట నుంచి ట్రాఫిక్ లేకపోతే ఇరవై నిమిషాలు. 2024 సెప్టెంబరులో అక్కడ ఇంటర్‌కాంటినెంటల్ కప్ జరిగింది, నవంబరులో ఇండియా - మలేసియా మ్యాచ్ 1-1తో డ్రా అయ్యింది. 2022లో ఐఎస్‌ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీకి అదే సొంతగడ్డ. మూడేళ్లు తిరిగేసరికి అప్పులు, జీతాల గొడవలు, చేతులు మారిన యాజమాన్యం. 2025లో ఆ క్లబ్ పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది! ఛాంపియన్ టీమ్‌ని నగరం ఇంత సైలెంట్‌గా సాగనంపడం ఇంకెక్కడా చూడం. అదే ఏడాది డిసెంబర్ 13న మెస్సీ వస్తే ఉప్పల్ ఊగిపోయింది. హైదరాబాద్‌లో ఫుట్‌బాల్‌కి వచ్చిన అతిపెద్ద హడావుడి జరిగింది ఓ క్రికెట్ స్టేడియంలో.

ఒకప్పుడు ఇదే ఊరు కొరియాని ఓడించిన కోచ్‌ని ఇచ్చింది. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో ఇండియా 2-1తో దక్షిణ కొరియాపై గెలిచింది. కోచ్ హైదరాబాద్ వాసి సయ్యద్ అబ్దుల్ రహీం, 'మైదాన్' సినిమాలో అజయ్ దేవగణ్ వేసిన పాత్ర ఆయనదే. జట్టులో సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం కూడా ఉన్నాడు. ఆ తర్వాత కొరియా వరసపెట్టి ప్రపంచకప్‌లు ఆడుతూ పోయింది. మనం ఇప్పటికీ 1962 గురించి చెప్పుకుంటున్నాం.

పూర్తిగా చీకటేం కాదు. అజీజ్‌నగర్‌లో సొంత గ్రౌండ్ ఉన్న శ్రీనిధి డెక్కన్ క్లబ్ ఉంది. కోకాపేట నుంచి చూస్తే అది పక్కనే.  అయితే ఒక్క ప్రైవేట్ క్లబ్ భుజాల మీద రాష్ట్రం మొత్తాన్ని పెట్టడం ఎంత ప్రమాదమో హైదరాబాద్ ఎఫ్‌సీ చూపించేసింది.

మనీషా కల్యాణ్ సైప్రస్, గ్రీస్ వెళ్లింది. బాలా దేవి 2020లో స్కాట్లాండ్ రేంజర్స్‌కి ఆడింది. డాంగ్మెయి గ్రేస్ ఉజ్బెకిస్తాన్ వెళ్లింది. ఇలా వెళ్లిన అమ్మాయిల లిస్టు చూస్తే ఒకటి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.. ఒక్కొక్కరు ఒక్కో దేశం, ఒక్కో తలుపు. ఎవరి దారి వాళ్లే వెతుక్కున్నారు. ఒకరు వెళ్లిన క్లబ్‌కి ఏటా ఇద్దరు ముగ్గుర్ని పంపే ఏర్పాటు చేస్తే, మొదటి అమ్మాయి తెచ్చుకున్న పరిచయం వృథా పోదు. జ్యోతి, సౌమ్యల తర్వాత ఛత్తీస్‌గఢ్ అమ్మాయి కిరణ్ పిస్దా కూడా డినామోకే వెళ్లింది. అంటే జాగ్రెబ్‌లో ఆ తలుపు ఇంకా పూర్తిగా మూసుకోలేదు. దాన్ని తెరిచి ఉంచే పని ఫుట్‌బాల్ సంఘానిది, రాష్ట్ర క్రీడా శాఖది. ఆ పని ఇప్పటిదాకా ప్లేయర్లే సొంతంగా చేసుకుంటున్నారు.