శ్రీకారమునకు చిన్న బోర్డు చాలును

నేడు మన యిండ్లలో పదునాలుగు, పదునైదేండ్ల పిల్లలు తండ్రులను అడుగుచున్న వస్తువులలో మైక్రోకంట్రోలరు బోర్డు ఒకటి. మనము వ్రాసిన ఆజ్ఞల ప్రకారము దీపము వెలిగించుట, మోటారు త్రిప్పుట, వేడిమిని కొలుచుట మొదలగు పనులు చేయు చిప్పు గల చిన్న పలక అది. పిల్లలు అడిగినంతనే కొందఱు తండ్రులు చదువు చెడునని కసరుచున్నారు. కొందఱు అంగడిలోని అన్నిటికంటె పెద్ద పెట్టెను కొని తెచ్చుచున్నారు. రెండును పొరపాట్లేయని నా అభిప్రాయము.

రెండవ పొరపాటు నేను స్వయముగా చేసినదే. మూడేండ్ల క్రిందట మా చిన్నవాని కొఱకు ముప్పదికి పైగా సెన్సార్లు గల పెట్టెను కొంటిని. వాడు పది దినములు దానితో కుస్తీ పట్టెను. ఏ భాగము ఎందులకో తెలియక, తెలియదని చెప్పుటకు సిగ్గుపడి, దానిని అటక ఎక్కించెను. నాకు పోయినది డబ్బు మాత్రమే. వాడు మాత్రము నాన్నగారి సొమ్ము పాడుచేసితినని బాధపడి, మఱేదియు అడుగుట మానివేసెను. అసలు నష్టము అదియే.

గిరాకి తెలియకముందు గోదాము నింపరాదని వర్తకులమైన మనకు తెలియనిది కాదు. ఇచ్చటను అంతే. మొదట ఒక్క పైసయు పెట్టనక్కఱలేదు. వోక్వీ, టింకర్‌క్యాడ్ అను వెబ్‌సైట్లలో కంప్యూటరు తెరపైననే ప్రోగ్రాము వ్రాసి, బొమ్మదీపము వెలుగుట చూడవచ్చును. నెల దినములు ఆసక్తి నిలిచినచో అప్పుడు బోర్డు కొనవలెను.

ఏ బోర్డు కొనవలెను? 2005లో ఇటలీలో పుట్టిన ఆర్డుయినోకు పాఠములు కొల్లలు. దాని నమూనా బహిరంగమైనది గనుక, ఇతరులు చేసిన ఊనో బోర్డులు తక్కువ వెలకు లభించును. 2021లో వెలువడిన రాస్ప్‌బెర్రీ పై పికో తొలి వెల నాలుగు డాలర్లు. ఊనోలో పనిచేయు మెమరీ 2 కిలోబైట్లు కాగా, పికోలో 264. పైథాన్‌కు చిన్నరూపమైన మైక్రోపైథాన్‌తో పికోను నడపవచ్చును. బడిలో పైథాన్ నేర్చుచున్న పిల్లలకు నేను పికోనే సూచింతును. వైఫై కావలసినప్పుడు ఈఎస్‌పి32 సంగతి చూచుకొనవచ్చును.

కొనునప్పుడు నాలుగు జాగ్రత్తలు వలయును. కాళ్లు ముందే అతికియున్న ‘పికో హెచ్’ను అడిగినచో సోల్డరింగు పని తప్పును. కేబులు కేవలము ఛార్జింగుది కాక, డేటా పంపునదై యుండవలెను. పికో కాళ్లు 3.3 వోల్టులకు చేసినవి. వాటికి 5 వోల్టుల సంకేతము ఇయ్యరాదు. ఎల్ఈడీకి 330 ఓముల రెసిస్టరు జతచేయవలెను. బోర్డు, కేబులు, బ్రెడ్‌బోర్డు, కొన్ని తీగలు, దీపములు, రెసిస్టర్లు: ప్రారంభమునకు ఇవియే చాలును. మనవారు తరతరములుగా కాపురమున్న నగరములలోనే, బెంగళూరు ఎస్.పి. రోడ్డున, చెన్నై రిచీ వీధిని, ముంబయి లామింగ్టన్ రోడ్డున, ఇవి విడివిడిగా దొరకును.

మన సంఘ పఠనాలయము రెండు బోర్డులు కొని, పుస్తకములవలె ఇంటికి ఎరవిచ్చిన కొనలేనివారికిని మేలగును. సభ్యులు ఈ సంగతి ఆలోచింపవలెనని నా మనవి.

నిరుడు మావానికి పికో కొనిపెట్టితిని. మొదటి సాయంకాలమే దానిపైనున్న చిన్న దీపము మినుకుమినుకుమనెను. వాడు నన్ను కొట్టునుండి పిలుచుకొనిపోయి చూపెను. మఱునాడు, “నాన్నగారూ, వేడిమిని కొలుచు సెన్సారు ఒకటి కావలెను” అని అడిగెను. వాడు మరల అడిగెను గదాయని నాకు సంతోషము కలిగెను. ఆ సెన్సారు మా అటకపైనున్న పెట్టెలోనే దొరికినది.