కీలు అరిగితే కాలు తీసేస్తారా?

మా తమ్ముడు ఇంగ్లండులో ఉంటాడు. అక్కడో పాత ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ కొన్నాడు. ఇద్దరే పట్టే స్పోర్ట్స్ కారు, పైకప్పు గుడ్డది! ఇద్దరు పిల్లల తండ్రివి, అదేం కారురా అంటే నవ్వేస్తాడు.

ఈమధ్య వాడే ఫోన్ చేసి, "అక్కయ్యా, ముందు చక్రం బాల్ జాయింట్ వదులైంది. మన స్టాండర్డ్ హెరాల్డుకీ ఇదే. చెన్నైలో దొరుకుతుందేమో బావగారిని చూడమను" అన్నాడు.

నిజమే. 1960లలో మద్రాసులో తయారైన హెరాల్డూ, 1962లో ఇంగ్లండులో పుట్టిన స్పిట్‌ఫైరూ ముందు చక్రాల అమరికలో అక్కచెల్లెళ్ళు. మావారు ఆదివారం పూట పుదుపేటంతా తిరిగారు. ఒక కొట్లో పాతది చూపించారట, రబ్బరు తొడుగు ముట్టుకుంటే రాలిపోయింది. ఇంకో కొట్లో కొత్తదే, కానీ ఎవరు చేశారో దాని మీద పేరే లేదు. రెండూ వద్దన్నాను నేను. మన తుంటి కీలు లాగే ఉంటుందది. గిన్నెలో గుండు. చక్రం పైకీ కిందికీ ఆడాలన్నా, పక్కకి తిరగాలన్నా అదే ఆధారం. ఆ గుండు ఊడిందా, చక్రం పడుకుంటుంది. అలాంటి చోట బేరాలాడతామా?

చివరికి తమ్ముడికి అక్కడే ఓ విడిభాగాల వర్తకుడి దగ్గర కొత్తది దొరికింది. రెండు బోల్టులూ ఒక నట్టూ విప్పి, తనే మార్చుకున్నాడు. 1980లోనే తయారీ ఆగిపోయిన కారండీ!

ఇక మా ఇంటి కథ వినండి. మొన్నమొన్న కొన్న మా కారుకీ అదే జబ్బు. వర్క్‌షాపు కుర్రాడు చల్లగా, "బాల్ జాయింట్ విడిగా రాదమ్మా, ఆర్మ్ మొత్తం మార్చాలి" అన్నాడు. ఆర్మ్ అంటే చక్రాన్ని పట్టుకునే ఇనప చెయ్యి. దానికేం రోగం? ఏమీ లేదు. కీలుని దాన్లోనే నొక్కి కూర్చోబెట్టేశారు, అంతే.

"భద్రత కోసమమ్మా" అన్నాడు. ఎవడో సుత్తితో బాది బిగించడం ప్రమాదమే, ఒప్పుకుంటాను. మరి 1962లో రెండు బోల్టులతో కుదిరింది ఇప్పుడెందుకు కుదరదు? భద్రత ఎవరికి, చక్రానికా, బిల్లుకా?

కుక్కరు గాస్కెట్ సాగితే కుక్కరే మార్చమన్నవాణ్ణి మనం గుమ్మం ఎక్కనిస్తామా? గ్రైండరు బెల్టు తెగితే రాయి పారేస్తామా? వంటింట్లో పైసా పైసా లెక్క చూసే మనం, కారు దగ్గరకొచ్చేసరికి మగవాళ్ళ వ్యవహారమని నోరు మూసుకుంటాం. అక్కడే వాళ్ళకి అలుసైపోయాం.

2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం మరమ్మతు హక్కు అంటూ ఒక పోర్టల్ తెరిచింది. అందులో కార్లూ ఉన్నాయి, గృహోపకరణాలూ ఉన్నాయి. సంతోషమే. కానీ వస్తువు బాగుచేసే విధానం చెప్పి, భాగం మాత్రం విడిగా అమ్మకపోతే, వంట చెప్పి బియ్యం దాచినట్టు కాదూ?

డబ్బు కట్టక తప్పలేదు. కానీ పాత ఆర్మ్ నాకిచ్చి తీరాలన్నాను. కుర్రాడు వింతగా చూశాడు. తెచ్చి వీధి వరండాలో పెట్టాను. ఎక్కడా వంకర లేదు, రంగైనా చెదరలేదు. చివరనున్న కీలు మాత్రం లొడలొడ. వచ్చినవాళ్ళందరి చేతా ఒకసారి కదిలించి చూపిస్తున్నాను.