మంట ముందు నిలబడ్డ మాస్టర్

హైదరాబాదు నుంచి విజయవాడకు 65వ జాతీయ రహదారి మీద వచ్చేవారికి కోదాడ దాటాక ఆంధ్రప్రదేశ్‌లో మొదట తగిలేది జగ్గయ్యపేట మండలం. చిల్లకల్లు టోల్‌గేటు, నందిగామ, కీసర టోల్‌గేటు. ఈ దారి పొడవునా పొద్దు వాలితే నీలిమంటలు వెలుగుతాయి. రేకుల షెడ్డు, ముందొక ఫ్లెక్సీ, దాని మీద ఫ్రైడ్ రైస్, నూడుల్స్, మంచూరియా బొమ్మలు, లోపల హోరుమనే గ్యాస్ బర్నరు. దాని ముందు నిలబడ్డవాడిని పిల్లలూ పెద్దలూ ‘మాస్టర్’ అంటారు. అతడి అసలు పేరు యజమానికి తెలుసు. కాని ఆ యజమాని దగ్గర కూడా ఆ పేరు ఏ కాగితం మీదా ఉండదు.

కొన్నాళ్ల క్రితం నందిగామలో బస్సు తప్పిపోయి, రాత్రి పదకొండు దాటాక అలాంటి ఒక బండి దగ్గర ఆగాను. మాస్టర్‌కు ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. సలాం చెప్పుకున్నాక అతడి ముంజేతి మీది కాలిన మచ్చను చూపించి, ‘ఇదెప్పుడు జరిగింది బేటా?’ అని అడిగాను. ‘ఏ మచ్చ గురించి అడుగుతున్నారు చాచా?’ అన్నాడు. ఇంటర్ మధ్యలో మానేశాడట. గిన్నెలు కడిగే పనితో మొదలుపెట్టి, కూరగాయలు కోసి, నాలుగేళ్లకు కడాయి పట్టుకున్నాడు. పెళ్లి సంబంధం కోసం వచ్చినవారు అబ్బాయి ఏం చేస్తాడని అడిగితే, ఇంట్లోవాళ్లు ‘హోటల్లో ఏదో చేస్తున్నాడు’ అంటున్నారట. ఈ మాట చెబుతూ నవ్వాడు.

నా అభ్యంతరమంతా ఆ ‘ఏదో’ అన్న మాట మీదే.

దమ్ బిర్యానీ దేగ్ దించే బావర్చీకి మన వలీమాలలో ఒక మర్యాద ఉంది. ఆయన మూత తీసేదాకా పెద్దలు కూడా పక్కన నిలబడి ఎదురుచూస్తారు. ఫాస్ట్‌ఫుడ్ మాస్టర్‌కు ఆ మర్యాద లేదు. అతడి పనిలో నేర్పు లేదని మనమే తేల్చేసుకున్నాం. మంచూరియాకూ మంచూరియా దేశానికీ సంబంధం లేదన్న సంగతి అందరికీ తెలిసిందే. మన దేశంలోని చైనీస్ వంటశాలల్లో పుట్టిన ఆ వంట మన మెట్ట ప్రాంతానికి వచ్చి మిరపకారం ఎక్కువ చేసుకుంది. అంతమాత్రాన అది ఎవరైనా చేసేయగల పని అయిపోదు.

ఒక ప్లేటు ఫ్రైడ్ రైస్‌నే తీసుకోండి. దాని పని మధ్యాహ్నమే మొదలవుతుంది. అన్నం మెతుకు విరగకుండా, పూర్తిగా మెత్తబడకముందే వార్చి, వెడల్పు పళ్లెంలో పరిచి ఆరబెట్టాలి. వేడి అన్నాన్ని కడాయిలో వేస్తే ముద్ద అవుతుంది. అలాగని గంటల తరబడి బయట వదిలేస్తే ‘బాసిల్లస్ సీరియస్’ అనే క్రిమి పెరిగి విషం చేస్తుంది. మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. అందువల్ల త్వరగా చల్లార్చి, చల్లగా ఉంచి, కావలసినంతే బయటికి తీయాలి. సాయంత్రం బర్నరు వెలిగించాక ఒక్కో ప్లేటుకు మాస్టర్‌కు దొరికేది రెండు మూడు నిమిషాలు. వెల్లుల్లి మాడకముందే ఉల్లి పడాలి. క్యారెట్, బీన్స్ ముందు, క్యాప్సికమ్ తరువాత. సోయా సాస్‌లో ఉప్పు ఉంటుంది కాబట్టి విడిగా వేసే ఉప్పు తగ్గించాలి. మంచూరియాకైతే మొక్కజొన్న పిండిని చన్నీళ్లలో కలిపి చివర్లో పోయాలి. ముందు పోస్తే ఉండ కడుతుంది, ఆలస్యమైతే పులుసు పలుచబడుతుంది. ఎడమచేయి కడాయిని ఎగరేస్తుండగా కుడిచేతి గరిటె అన్నాన్ని తిప్పుతుంటుంది. ఈలోగా ఆరు ఆర్డర్లు అతడి తలలో ఉంటాయి. ఒకటి కారం తక్కువ, ఒకటి గుడ్డు లేకుండా, ఒకటి పార్సిల్. కాగితం మీద రాసుకునే తీరిక ఉండదు. కొలత పాత్ర లేకుండా నూరు ప్లేట్లు ఒకే రుచితో దించడం నైపుణ్యం కాకపోతే మరేది నైపుణ్యం?

దీనికి అతడి శరీరం చెల్లించే ధర వేరు. వేసవిలో బయటి ఎండకే తట్టుకోలేని మన మెట్టలో, రేకుల కింద, మంటకు జానెడు దూరంలో ఏడెనిమిది గంటలు నిలబడాలి. బరువైన కడాయిని వందలసార్లు ఎగరేసే మణికట్టూ భుజమూ ముప్పై ఏళ్లకే మొరాయిస్తాయి. నిలబడి నిలబడి కాళ్ల నరాలు ఉబ్బుతాయి. పొగ సంగతి మనం అసలు మాట్లాడం. అధిక ఉష్ణోగ్రత వద్ద వేపుడు నుంచి వచ్చే పొగను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ‘బహుశా క్యాన్సర్ కారకం’ అనే జాబితాలో చేర్చింది. ఆ నివేదిక 2010లో వెలువడింది. పొగను బయటికి లాగే ఫ్యాన్ ఒక్కటి పెట్టమంటే మాత్రం, రోడ్డు పక్క బండికి అదెందుకంటారు. చేయి కాలితే టూత్‌పేస్టు పూస్తారు. అది తప్పు. ఇరవై నిమిషాలు ధారగా పారే చల్లని నీటి కింద పెట్టాలి. నీటి కుళాయే లేని షెడ్డులో ఆ ఇరవై నిమిషాలు ఎక్కడివి?

ప్రభుత్వానికి ఈ శరీరం పట్టదని అనలేం. ఆహార భద్రతా నిబంధనల ప్రకారం ఆహారాన్ని తాకే ప్రతి కార్మికుడికీ ఏడాదికోసారి వైద్య పరీక్ష జరగాలి, టైఫాయిడ్ వర్గపు జ్వరాలకు టీకా వేయించాలి. మంచి నిబంధనే. అయితే అది తినేవాడి ఆరోగ్యం కోసం పుట్టింది. వండేవాడి జబ్బు ఇతరులకు అంటకూడదన్నది దాని ఆలోచన. వండడం వల్ల అతడికి వచ్చే జబ్బు మాట అందులో లేదు. 2024 మార్చిలో కర్ణాటక గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులను నిషేధించింది. అదే ఏడాది అక్టోబరులో తెలంగాణ పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను నిషేధించింది. రెండూ అవసరమే. కాని ఆ రంగు డబ్బాను కొని తెచ్చేది యజమాని, తనిఖీ జరిగిన రోజున తలదించుకుని నిలబడేది మాస్టర్.

చట్టం అతడికి ఏమీ ఇవ్వలేదనడం కూడా సరికాదు. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం వారానికి 48 గంటల పని, వారపు సెలవు, అదనపు గంటలకు రెట్టింపు వేతనం చెప్పింది. 1923 నాటి నష్టపరిహార చట్టం తన షెడ్యూలులో వంటగ్యాస్ వాడే హోటళ్ల వంటవారిని పేరెత్తి చేర్చింది. పనిలో గాయపడి మూడు రోజులకు మించి పనిచేయలేకపోతే పరిహారం అడిగే హక్కు అతడిది. 2025 నవంబరులో కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చి, ఆ చట్టం సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. ఇప్పుడు ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలి. ఈఎస్‌ఐ విషయంలో ఇంతకాలం పదిమంది పనివారు ఉండాలన్న లెక్క మన షెడ్లను బయట ఉంచింది, ఎందుకంటే వాటిలో ఉండేది ముగ్గురో నలుగురో. పదిమంది లోపు ఉన్నచోట యజమానీ కార్మికులూ ఇష్టపడితే చేరే వీలు ఇప్పుడుంది. విజయవాడ గుణదలలోని ఈఎస్‌ఐ ఆసుపత్రి నందిగామ మాస్టర్‌కు అందని దూరమేమీ కాదు.

హక్కు ఉంది, అతడు పనిచేస్తున్నాడని చెప్పే కాగితం లేదు. గాయమైన రోజు యజమాని ‘వీడెవరో నాకు తెలియదు’ అంటే కథ అక్కడితో ముగుస్తుంది. కాగితం లేదు కాని అడ్వాన్స్ మాత్రం ఉంటుంది. చెల్లి పెళ్లికో అబ్బా వైద్యానికో తీసుకున్న ఆ అడ్వాన్స్ తీరేదాకా వేరే చోటికి కదలనివ్వరు. అప్పు చూపించి మనిషిని పనికి కట్టిపడేయడం 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం కింద నేరమన్న సంగతి ఇచ్చినవాడికీ తెలియదు, తీసుకున్నవాడికీ తెలియదు.

ఇక్కడ మనలోకి మనం చూసుకోవాలి. ఈ బండ్ల యజమానుల్లో మనవాళ్లు కూడా ఉన్నారు. సచార్ కమిటీ 2006లో ముస్లిం పురుష శ్రామికుల్లో 12 శాతానికి పైగా వీధి వ్యాపారంలో ఉన్నారని, దేశ సగటు 8 శాతం లోపేనని చెప్పింది. ఆ అంకెను మనం ఎన్ని సభల్లో చదివామో లెక్కలేదు. ప్రభుత్వం మనకేమీ చేయలేదనడానికి చదివాం, సరైనదే. ఆ వీధి వ్యాపారి దగ్గర పనిచేసే కుర్రాడు ఆ లెక్కలో ఎక్కడున్నాడని మాత్రం అడగలేదు. రంజాన్‌లో ప్రభుత్వ ముస్లిం ఉద్యోగులకు సాయంత్రం గంట ముందు ఇంటికి వెళ్లే వెసులుబాటు ఉంటుంది. రోజా ఉండి మంట ముందు నిలబడ్డ మాస్టర్‌కు ఇఫ్తార్ వేళే గిరాకీ వేళ. ఖర్జూరం నోట్లో వేసుకుని మళ్లీ గరిటె పట్టుకుంటాడు. యజమాని ముస్లిమే అయినా ఇందులో తేడా ఏమీ లేదు. కూలిని ఆలస్యం చేయకూడదన్న ప్రవక్త బోధను జుమా ప్రసంగంలో విని, నెల జీతంలో సగం వచ్చే నెలకు నెట్టేవారిని నేను చూశాను.

బయటి నుంచి వచ్చే ప్రమాదం వేరే ఉంది. 2024 జూలైలో ఉత్తరప్రదేశ్‌లో కాంవడ్ యాత్ర దారిలోని భోజనశాలలు యజమానుల పేర్లు బోర్డు మీద రాయాలని అధికారులు ఆదేశించారు. జూలై 22న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని నిలిపివేసింది. ఎలాంటి ఆహారం అమ్ముతున్నారో చెప్పమనవచ్చు గాని, యజమాని పేరో పనివారి పేరో చెప్పమని బలవంతం చేయకూడదన్నది. మన రహదారి మీద ప్లేటు అందుకునేవాడు వండినవాడి పేరు అడగడు. ఆ మంచితనాన్ని కాపాడుకోవాలి. పేరు గోడ మీద వెలివేతకు గుర్తుగా కాదు, నియామక పత్రం మీద హక్కుగా ఉండాలి.

జగ్గయ్యపేట, నందిగామ మసీదు కమిటీలను, మన యువజన సంఘాలను కోరేది ఒకటే. నెలలో ఒక జుమా తరువాత ఒక బల్ల వేయండి. ఈ-శ్రమ్‌లో నమోదు చేయండి. ఏడాదికి 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్షా బీమా చేయించండి. ప్రమాదంలో మరణానికి, పూర్తి అంగవైకల్యానికి అది రెండు లక్షలు ఇస్తుంది, మామూలు కాలిన గాయానికి ఏమీ ఇవ్వదు. అందుకే ఈఎస్‌ఐ గురించి యజమానులను విడిగా పిలిచి మాట్లాడాలి, ముందుగా మన యజమానులను. కేంద్ర నైపుణ్య పథకంలో తరగతికి వెళ్లకుండానే ఇప్పటికే ఉన్న పనితనాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి ఉంది. వంటవారికీ వీధి ఆహార విక్రేతలకూ అందులో చోటుంది. దాన్ని మన ఊళ్లకు రప్పించమని రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థను, మైనారిటీల ఆర్థిక సంస్థను అడగాలి. గల్ఫ్‌కు వెళ్లాలనుకునే కుర్రాడికి ఏజెంటు మాట కన్నా అది ఎక్కువ అక్కరకొస్తుంది. పద్నాలుగేళ్లు నిండని పిల్లవాడు ఏ షెడ్డులో గిన్నెలు కడుగుతూ కనిపించినా, అది మనవాళ్ల షెడ్డే అయినా, ఆపించాలి.

వచ్చే వారం నందిగామ వెళ్తున్నాను. నియామక పత్రం నమూనా ఒకటి తెలుగులో రాయించి ఉంచాను. పేరు, పని, పనివేళలు, జీతం, సెలవు, అడ్వాన్స్ లెక్క, అన్నీ కలిపి ఒక పేజీ. ‘పని’ అన్నచోట ‘హోటల్ పని’ అని కాక ‘వంట మాస్టర్’ అని రాయమంటాను. ఆ అబ్బాయి తీసుకుంటాడో లేదో తెలియదు. నేను అడిగేటప్పుడు యజమాని గల్లాపెట్టె దగ్గర కూర్చునే ఉంటాడు.