హెల్మెట్ ఆపలేని దెబ్బ

‘పోలీస్ అకాడమీ’ సినిమాల్లో హైటవర్‌గా నవ్వించిన బబ్బా స్మిత్ అంతకుముందు అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరుమోసిన డిఫెన్సివ్ లైన్‌మన్. 1967 లీగ్ ఎంపికల్లో అందరికన్నా ముందు తీసుకున్న ఆటగాడు ఆయనే. 2011లో ఆయన చనిపోయాక మెదడును పరీక్షిస్తే సీటీఈ అనే వ్యాధి బయటపడింది. నాలుగు దశల్లో అప్పటికే అది మూడో దశకు చేరింది.

ఈ వ్యాధిలో టౌ అనే ప్రొటీన్ మెదడు కణాల్లో ముద్దకట్టి పేరుకుపోతుంది. దీన్ని మరణానంతర పరీక్షలోనే కచ్చితంగా నిర్ధారించగలరు.

బంతి కదిలిన మరుక్షణమే ఎదుటివాడిని ఢీకొనడం లైన్‌మన్ పని. ఒక్కో ఢీ స్పృహ తప్పించేంత పెద్దది కాకపోవచ్చు. కానీ ఆట సాగినంతసేపూ అవి తగులుతూనే ఉంటాయి. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది. తల ఒక్కసారిగా ఆగినా, తిరిగినా లోపలి మెత్తని మెదడు జడత్వం వల్ల సాగిపోతుంది. దాన్ని హెల్మెట్ పూర్తిగా ఆపలేదు.

631 మంది ఆటగాళ్ల మెదళ్ల ఆధారంగా 2023లో ఒక అధ్యయనం వెలువడింది. కంకషన్ల సంఖ్య కన్నా, ఏళ్ల తరబడి తలకు తగిలిన దెబ్బల మొత్తం బలమే వ్యాధిని బాగా సూచిస్తోందని అది చెప్పింది. ఇవి దానంగా వచ్చిన మెదళ్లు కాబట్టి ఆటగాళ్లలో ఎందరికి వ్యాధి ఉందో దీనితో లెక్కగట్టలేం. అయినా ఏం చేయాలో స్పష్టమే.

స్పృహ తప్పినవాడిని మైదానం దాటించడంతో బాధ్యత తీరదు. లెక్కపెట్టాల్సింది కంకషన్లను కాదు, దెబ్బలను. సాధనలో ఢీకొట్టుకోవడం తగ్గించాలి, పిల్లలను ఆలస్యంగా ట్యాక్లింగ్‌లోకి దించాలి. ఈ రెండింటికీ కొత్త హెల్మెట్ అక్కర్లేదు.